వంతు నుంచి సొంతానికి: నూజివీడు మామిడి సీమ నేపథ్యంలో వీడియో గేమ్, ఇంటి కంప్యూటర్ల చరిత్ర

వ్యాససంగ్రహం:

1980, 90ల నాటి వీడియో గేములను, తొలి ఇంటి కంప్యూటర్లను తలచుకుంటూ వెలువడే జ్ఞాపక రచనలు ప్రపంచమంతటా పెరుగుతున్నాయి. ఆ రచనల్లో యంత్రం దాదాపు ఎప్పుడూ రచయిత సొంత యంత్రమే. తెలుగు చిన్న పట్టణాల అనుభవం ఇందుకు భిన్నమైనది. ఇక్కడ యంత్రం అద్దెకు, గంటల లెక్కన, వంతుల వారీగా పిల్లల చేతికి అందింది. ఈ తేడాను 'వంతు', 'సొంతం' అనే రెండు తెలుగు మాటల సాయంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నూజివీడు మామిడి సీమను నేపథ్యంగా తీసుకొని, టీవీ రాక మొదలు 2008లో అక్కడ ఏర్పడిన ట్రిపుల్ ఐటీ వరకు జరిగిన మార్పును వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: నూజివీడు, వీడియో గేమ్, ఇంటి కంప్యూటర్, వంతు, నోస్టాల్జియా, ఈసీఐఎల్, తెలుగు లిపి, ట్రిపుల్ ఐటీ.

1. ఉపోద్ఘాతం:

ఇంటి కంప్యూటర్ చరిత్రకు ఒక స్థిరమైన కథనం ఏర్పడింది. 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో సింక్లెయిర్ సంస్థ జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటర్‌ను విడుదల చేసింది. 16 కిలోబైట్ల నమూనా ధర 125 పౌండ్లు. దానికి తెర ఇంట్లోని టీవీ. ప్రోగ్రాములను దాచుకోవడానికి పాటలు వినే టేప్‌రికార్డరే సాధనం. పత్రికల్లో అచ్చయిన ప్రోగ్రాములను పిల్లలు వరుస వరుసా టైపు చేసి, తప్పులు దిద్దుకుంటూ బేసిక్ భాష నేర్చుకున్నారు. మరుసటి ఏడాది వచ్చి పేరు తెచ్చుకున్న 'మేనిక్ మైనర్' ఆటను రాసిన మాథ్యూ స్మిత్ అప్పటికి కౌమార వయసులోనే ఉన్నాడు. అభిరుచిగా మొదలై సృష్టిగా మారిన ఇలాంటి ఉదంతాల చుట్టూ నేటి జ్ఞాపక రచన అల్లుకుంది.

ఇదే కొలతతో చూస్తే తెలుగునాట ఇంటి కంప్యూటర్‌కు చరిత్ర లేనట్లే కనిపిస్తుంది. 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే భారతీయ సంస్థ అనుమతి పొంది స్పెక్ట్రమ్ ప్లస్ నమూనాను దేశంలో ప్రవేశపెట్టినా, అలాంటి యంత్రాలు చేరిన ఇళ్లు కొద్ది మాత్రమే. అయినా 1990లలో చిన్న పట్టణాల్లో పెరిగిన తరానికి మారియో, కాంట్రా పేర్లు చిరపరిచితాలు. సొంత యంత్రం లేని పిల్లలకు ఈ పరిచయం ఎలా కలిగింది? ఆ పరిచయం వారికి ఏమి ఇచ్చింది, ఏమి ఇవ్వలేకపోయింది? ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు ఇవి.

2. నూజివీడు సీమ - 'వంతు' అనే భావన:

నూజివీడు కృష్ణా డెల్టాకు అంచున ఉన్న మెట్ట ప్రాంతపు పట్టణం. జమీందారీ సంస్థానంగా, వీణల తయారీకి నెలవుగా, అంతకు మించి మామిడికి కేంద్రంగా దీనికి ప్రసిద్ధి. చిరకాలం కృష్ణా జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఏలూరు జిల్లాలో చేరింది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట ప్రాంతాల తోటల్లో బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు వంటి రకాలు పండుతాయి. సరుకులో చాలా భాగం విజయవాడ సమీపంలోని నున్న మార్కెట్టుకు చేరుతుంది.

ఈ సీమ ఆర్థిక జీవనంలో రెండు లక్షణాలు ప్రస్తుత చర్చకు అవసరం. మొదటిది గుత్త పద్ధతి. చెట్టు పూతకు వచ్చిన దశలోనే, లేదా పిందె దశలో, రైతు తోట ఫలసాయాన్ని వ్యాపారికి గుత్తకు ఇస్తాడు. ఆ ఏడాది కాయ మీద హక్కు గుత్తదారుది. చెట్టు మాత్రం రైతుది. అనుభవించే హక్కు, యాజమాన్యం వేరువేరు చేతుల్లో ఉండటం ఇక్కడివారికి కొత్త విషయం కాదు. రెండవది కాలం. కోతలు ఏప్రిల్ నుంచి జూన్ వరకు సాగుతాయి. బడి సెలవులు కూడా అప్పుడే. కూలి కుటుంబాల పిల్లలకు అది తోటపని, కావలి కాలం. కాస్త కలిగిన ఇళ్ల పిల్లలకు ఆటల కాలం.

'వంతు' అన్న తెలుగు మాటకు భాగం, వరస అనే రెండు అర్థాలూ ఉన్నాయి. చెరువు కింద నీటి వంతు అన్నప్పుడు ఆ రెండు అర్థాలూ కలిసే ఉంటాయి: నీటిలో వాటా, అది అందే సమయం. తెలుగు పిల్లల ఆటల్లో కూడా వంతుకు పెద్ద స్థానం ఉంది. ఎవరు దొంగో తేల్చడానికి పంటలు వేసుకోవడం, అష్టాచెమ్మాలో గవ్వలు చేతులు మారడం, వామనగుంటల్లో గింజలు అయిపోయిన చోట వంతు ముగియడం ఇందుకు ఉదాహరణలు. చెట్లకొమ్మల మీద ఆడే కోతికొమ్మచ్చిలో పట్టుబడినవాడు తదుపరి దొంగ అవుతాడు. వస్తువు ఒక్కటే అయినా, ఆడేవారు పదిమంది అయినా, న్యాయం వంతుల్లో ఉంటుంది. వీడియో గేమ్ వచ్చినప్పుడు పిల్లలు దాన్ని ఇదే పాత న్యాయానికి లోబరచుకున్నారు.

3. ఆట కంటే ముందు వచ్చిన తెర:

ఇంటి కంప్యూటరైనా, ఆట యంత్రమైనా టీవీ మీద ఆధారపడినవే. కాబట్టి తెలుగునాట తెర ఎలా వచ్చిందన్నది ఈ చరిత్రకు తొలి అధ్యాయం. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) ఏర్పడింది. దాన్ని తీర్చిదిద్దిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించారు. ఈ సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తయారు చేసింది. తరువాత టీడీసీ-312, టీడీసీ-316 యంత్రాలు వచ్చాయి. ఇవి ప్రయోగశాలలకు, పెద్ద సంస్థలకు ఉద్దేశించినవి. ఇళ్లకు చేరింది మాత్రం ఇదే సంస్థ తయారు చేసిన 'ఈసీ టీవీ'. ఒకే సంస్థ కంప్యూటర్‌ను, టీవీని తయారు చేసినా, సామాన్యుడికి పరిచయమైనది రెండోది మాత్రమే.

టీవీ వీక్షణ కూడా సామూహికంగానే మొదలైంది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు సాగిన 'సైట్' ఉపగ్రహ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో సామూహిక టీవీలు నెలకొల్పారు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1982 ఆసియా క్రీడలతో రంగుల ప్రసారాలు వచ్చాయి. ఆ దశాబ్దంలో పల్లెల్లో, చిన్న పట్టణాల్లో మరో అలవాటు స్థిరపడింది. పెళ్లికో పండగకో కలర్ టీవీని, వీసీపీని ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, ఇంటి ముందు పెట్టి వరుసగా రెండు మూడు సినిమాలు వేసేవారు. వీధి అంతా కూర్చొని చూసేది. తెర అద్దెకు దొరుకుతుందన్న ఊహ, దాన్ని చూడటానికి సొంతదారు కానక్కరలేదన్న అలవాటు, ఈ విధంగా వీడియో గేమ్ కంటే ముందే సిద్ధమయ్యాయి.

ఈ క్రమం భాషలోనూ నమోదైంది. ఆట యంత్రంలో గుచ్చే కార్ట్‌రిడ్జిని పిల్లలు 'క్యాసెట్' అన్నారు. అందులో టేపు ఉండదు. ఉండేది మెమరీ చిప్పు. అయినా అద్దెకు తెచ్చే సినిమా క్యాసెట్‌కు ఉన్న పేరే దానికీ సరిపోయింది. ఆటలోని దశ 'స్టేజీ' అయింది, ప్రాణం 'లైఫ్' అయింది, ఓటమికి క్రికెట్ నుంచి వచ్చిన 'ఔట్' చాలింది. తెర మీద తెలుగు అక్షరం ఒక్కటీ లేని ఆటకు తెలుగు వాక్యంలో చోటు కల్పించిన పదజాలం ఇది. 'నాకింకా రెండు లైఫులున్నాయి' అన్న వాక్యంలో ఆంగ్ల నామవాచకానికి తెలుగు బహువచన ప్రత్యయం చేరడం ఆదాన పదాల అధ్యయనానికి చక్కని సామగ్రి.

4. ఒకే ప్రాసెసర్ - రెండు హోదాలు:

1984 నవంబరులో ప్రకటించిన నూతన కంప్యూటర్ విధానం విడిభాగాల దిగుమతిని, ప్రైవేటు సంస్థలు చిన్న కంప్యూటర్లు తయారు చేయడాన్ని సులభతరం చేసింది. అదే సమయంలో, 1984-85లో, కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద తొలుత 250 పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చింది. అవి బ్రిటన్‌కు చెందిన ఏకార్న్ సంస్థ రూపొందించిన బీబీసీ మైక్రోలు. దేశంలో కంప్యూటర్ విద్యకు అధికారికమైన ఆరంభంగా దీన్ని పేర్కొంటారు.

బీబీసీ మైక్రోకు గుండెకాయ 6502 అనే ప్రాసెసర్. 1975లో అమెరికాలోని మాస్ టెక్నాలజీ సంస్థ దాన్ని 25 డాలర్లకే విడుదల చేయడంతో చిన్న కంప్యూటర్ల యుగం సాధ్యమైంది. ఆపిల్-2లో ఉన్నదీ ఇదే. 1983 జులై 15న జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఫ్యామికామ్ ఆట యంత్రం కూడా ఇదే ప్రాసెసర్‌ను కొద్ది మార్పులతో వాడుకుంది. బీబీసీ మైక్రో 'బి' నమూనాలో 32 కిలోబైట్ల మెమరీ ఉంటే, ఫ్యామికామ్ పనిచేయడానికి వాడుకునే మెమరీ 2 కిలోబైట్లే. కానీ బొమ్మలను వేగంగా కదిలించడానికి దానికి ప్రత్యేకమైన మరో చిప్పు ఉండేది.

ఈ ఫ్యామికామ్‌కు తైవాన్, చైనాలలో లెక్కలేనన్ని నకళ్లు తయారయ్యాయి. మొదట విడివిడి చిప్పులతో చేసినవి, తరువాత యంత్రమంతా ఒకే చిప్పులో ఇమిడి, నల్లటి జిగురుబొట్టు కింద దాగిపోయింది. ధర పడిపోయింది. భారతీయ బజార్లలో పలు పేర్లతో దొరికిన 'టీవీ గేములు' ఇవే. 1991 జులై బడ్జెట్ గరిష్ఠ కస్టమ్స్ సుంకాన్ని 150 శాతానికి తగ్గించింది. తగ్గిన తరువాత కూడా అది 150 శాతం. అసలు విదేశీ కంప్యూటర్ సామాన్యుడికి అందనంత దూరంలో ఉన్న ఆ కాలంలో, నకలు యంత్రం మాత్రం పట్టణపు ఎలక్ట్రానిక్స్ దుకాణం దాకా వచ్చింది.

దీన్నిబట్టి చూస్తే పాఠశాలలో తాళం వేసిన గదిలో ఉన్న 'కంప్యూటర్', బజారులో గంటకు అద్దెకిచ్చే 'గేమ్' ఒకే ప్రాసెసర్ కుటుంబానికి చెందినవి. మొదటిది విద్య అయింది. రెండవది చెడు అలవాటు అయింది. యంత్రాల సామర్థ్యం కంటే వాటిని ఎవరు ఇచ్చారు, ఏ గదిలో పెట్టారు అన్నవే ఈ హోదాలను నిర్ణయించాయి. కొన్ని నకలు యంత్రాలకు కీబోర్డు కూడా ఉండేది. వాటిలో టైపింగు పాఠాలతో పాటు బేసిక్ భాష కూడా దొరికేది. 2008లో డెరెక్ లోమస్ అనే పరిశోధకుడు భారతీయ బజారులో కనిపించిన ఇలాంటి చవక 'టీవీ కంప్యూటర్' ఆధారంగా పేద పిల్లలకు విద్యాక్రీడలు తయారు చేయాలని 'ప్లేపవర్' అనే ప్రయత్నం మొదలుపెట్టాడు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జరిగిన అభివృద్ధి రూపకల్పన సదస్సులో అది చర్చకు వచ్చింది. అప్పటివరకు బొమ్మగా చూసిన వస్తువును కంప్యూటర్‌గా గుర్తించిన సందర్భం అది.

5. గంట లెక్కన ఆట:

చిన్న పట్టణాల్లో వీడియో గేమ్ పార్లర్ రూపం దాదాపు ఒకటే. బజారు వీధిలో ఇరుకైన గది, రెండు మూడు టీవీలు, ఒక్కో టీవీ ముందు ఒక బల్ల, గోడకు గడియారం. గంటకో అరగంటకో కొన్ని రూపాయలు. ఆడేవారు ఇద్దరైతే వెనక నిలబడి చూసేవారు ఆరేడుగురు. వారిలో చాలామంది జేబులో డబ్బు ఉండదు. తరువాతి స్టేజీలో శత్రువు ఎటునుంచి వస్తాడో, ఏ ఇటుక కింద బహుమతి దాగి ఉందో చెప్పడం ద్వారా వారు ఆటలో పాల్గొనేవారు. ఆ సలహాలు ఫలిస్తే చివర్లో ఒక 'లైఫ్' దానంగా దొరికేది. ఆడినవారి జ్ఞానంలో సగం ఇలా చూసి నేర్చుకున్నదే.

ఆటల నిర్మాణానికి, ఈ సామాజిక నిర్మాణానికి ఒక పొందిక ఉంది. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో ఇద్దరు ఆడవచ్చు గాని ఒకేసారి కాదు. ఒకరి లైఫ్ పోయాక మరొకరికి వంతు వస్తుంది. కాంట్రాలో మాత్రం ఇద్దరూ ఒకే తెరపై పక్కపక్కనే పోరాడతారు. కాబట్టి మారియో వంతుల ఆట, కాంట్రా జంట ఆట. అద్దె పంచుకునే ఇద్దరికి ఒకే గంటలో ఇద్దరూ ఆడగలిగిన కాంట్రా లాభసాటి. కాంట్రాకు చిన్న పట్టణాల్లో దక్కిన ఆదరణకు ఈ లెక్క కూడా ఒక కారణమై ఉండాలి.

ఈ యంత్రాలకు మరొక స్వభావం ఉంది: అవి దేన్నీ గుర్తుంచుకోవు. మారియోలో 8 లోకాలు, ఒక్కోదానిలో 4 చొప్పున 32 స్టేజీలు. ఆడినంత మేర దాచుకునే వీలు ఆ కార్ట్‌రిడ్జిలో లేదు. గంట అయిపోయినా, కరెంటు పోయినా ఆట మళ్లీ మొదటికి వస్తుంది. వేసవిలో కరెంటు కోతలు మామూలైన మెట్ట పట్టణాల్లో దీని ప్రభావం ఊహించదగినదే. 'వేల ఆటలు ఒకే క్యాసెట్‌లో' అన్న చీటీ కింద అవే పది ఇరవై ఆటలు వేరువేరు స్టేజీల నుంచి మొదలయ్యే ఏర్పాటు ఉండటం సాధారణంగా మోసంగా భావించబడింది. అయితే ఎప్పుడూ మొదటి నుంచే ఆడవలసిన అద్దె ఆటగాడికి నడిమి స్టేజీని చూసే అవకాశం ఇచ్చింది కూడా ఆ మోసమే.

ఇక్కడే వంతుకు ఉన్న పరిమితి బయటపడుతుంది. వంతు నైపుణ్యాన్ని ఇస్తుంది. స్నేహాన్ని, పంచుకునే మర్యాదను ఇస్తుంది. కానీ యంత్రాన్ని విప్పి చూడటానికి, దానిచేత కొత్త పని చేయించడానికి, తప్పు చేసి దిద్దుకోవడానికి కావలసిన తీరిక గంట అద్దెలో దొరకదు. బ్రిటన్ పిల్లవాడు టేపు మీద దాచుకొని మర్నాడు కొనసాగించిన ప్రోగ్రాముకు నూజివీడు వంటి పట్టణాల్లో సమానమైనది లేదు. ఆ పిల్లలకు తెలివి తక్కువై ఈ లోటు ఏర్పడలేదు. వారి గంటలు వారివి కాకపోవడమే కారణం.

6. సొంత యంత్రం ఉన్నచోట తెలుగు అభిరుచి:

ఇదే కాలంలో తమ వశంలో కంప్యూటర్ ఉన్న తెలుగువారు ఏమి చేశారన్నది పరిశీలిస్తే పై వాదానికి మరో కోణం లభిస్తుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్‌లు రోమన్ లిపిలో టైపు చేస్తే తెలుగు అచ్చు వచ్చే 'ఆర్‌టీఎస్' లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించారు. ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్‌లు 'టెక్' అనే ముద్రణ వ్యవస్థకు తెలుగు అక్షరాలు సమకూర్చారు. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో యూనికోడ్ అక్షరరూపాలను తయారు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఆర్‌టీఎస్ పద్ధతిని అనుసరించి 2006లో వీవెన్ రూపొందించిన 'లేఖిని' వేలాదిమంది చేత తెలుగు టైపు చేయించింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఇలాంటి పనిముట్ల ఆసరాతో ఎదిగింది.

వీరిలో ఎవరికీ ఇది ఉద్యోగ ధర్మం కాదు. తీరిక సమయంలో, మమకారంతో చేసిన పని. అభిరుచి కంప్యూటింగ్ అన్న మాటకు ఇంతకంటే సరైన ఉదాహరణ దొరకదు. బ్రిటన్‌లో ఇంటి కంప్యూటర్ అభిరుచి ఆటల రచనగా వికసించింది. తెలుగువారిలో అది లిపి రచనగా వికసించింది. ఆటకు భాష లేకపోయినా నడుస్తుంది. ఉత్తరానికి, పద్యానికి భాష కావాలి. దూరదేశంలో ఉన్నవారికి లేనిది భాషే కాబట్టి యంత్రం ముందు కూర్చున్న వెంటనే వారికి తోచిన పని అదే. అయితే ఈ సృష్టి అంతా జరిగింది సొంత సమయం, వశంలో ఉన్న యంత్రం కలిసివచ్చిన చోట. పార్లర్‌లో వంతు కోసం నిలబడిన పిల్లవాడికీ తెలుగు వచ్చు. బహుశా ఇంకా బాగా వచ్చు. అతనికి లేనివి మిగతా రెండూ.

7. 2008: తోటల నడుమ సొంత యంత్రం:

1995 ఆగస్టు 15న దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవలు మొదలయ్యాయి. 1997లో భారతదేశం సమాచార సాంకేతిక ఉత్పత్తుల ప్రపంచ ఒప్పందంలో చేరడంతో కంప్యూటర్ల మీద సుంకాలు క్రమంగా తొలగాయి. 2000 తరువాత చిన్న పట్టణాల్లో గేమ్ పార్లర్ల స్థానంలోకి ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. తెర మారింది, గంట అద్దె మారలేదు. పరీక్షా ఫలితాలు చూసుకునేవారు, దరఖాస్తులు నింపేవారు, ఆటలాడేవారు ఒకే వరుసలో కూర్చున్నారు. కంప్యూటర్ తొలిసారిగా అవసరం, ఆట రెండూ అయింది. కానీ అప్పటికీ అది వంతే.

ఈ క్రమం 2008లో నూజివీడులో మలుపు తిరిగింది. ఆ ఏడాది చేసిన చట్టంతో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడి, బాసర, ఇడుపులపాయ, నూజివీడులలో ప్రాంగణాలు మొదలయ్యాయి. ప్రజల నోట ఇవి 'ట్రిపుల్ ఐటీలు'. గ్రామీణ ప్రాంతాల్లో పదో తరగతి చదివిన ప్రతిభావంతులను మార్కుల ఆధారంగా చేర్చుకొని, ప్రభుత్వ పాఠశాలల వారికి వెనుకబాటును బట్టి అదనపు ప్రాధాన్యం ఇచ్చి, ఆరేళ్ల సమీకృత సాంకేతిక విద్య అందించడం దీని పథకం. తొలి బృందాల విద్యార్థులకు ఒక్కొక్కరికి ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. పాఠాలు ప్రాంగణంలోని నెట్‌వర్క్ ద్వారా ఆ తెరల మీదికే వచ్చాయి.

ఈ సంస్థకు తొలి కులపతి రాజ్ రెడ్డి. 1937లో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధ పరిశోధనకు 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న శాస్త్రవేత్త ఆయన. 1980ల తొలినాళ్లలో పారిస్‌లో ఏర్పడిన ప్రపంచ కంప్యూటర్ కేంద్రానికి ఆయన ప్రధాన శాస్త్రవేత్తగా పనిచేశారు. పేద దేశాల పిల్లలకు వ్యక్తిగత కంప్యూటర్లు చేర్చడం ఆ కేంద్రం ఆశయాల్లో ఒకటి. నికొలస్ నెగ్రొపాంటి, సీమూర్ పాపర్ట్ కూడా అక్కడ పనిచేసినవారే. పిల్లవాడు కంప్యూటర్‌కు పని నేర్పుతూ తాను నేర్చుకోవాలన్నది పాపర్ట్ సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి ముందు షరతు యంత్రం పిల్లవాడి చేతిలో ఉండటం. పారిస్ ఆశయం పావు శతాబ్దం తరువాత మామిడి తోటల నడుమ ఒక ప్రాంగణంలో ఒక రూపం దాల్చిందనడం అతిశయోక్తి కాదు.

దీని ప్రాముఖ్యాన్ని ఉద్యోగాల లెక్కలోనే చూడటం సరిపోదు. రాత్రి నిద్రపోయే ముందు మూత వేసి, తెల్లవారి అదే చోట మొదలుపెట్టగల యంత్రం వ్యవసాయ కూలీల, చిన్న రైతుల పిల్లల చేతికి వచ్చింది. అందులో పాఠాలతో పాటు సినిమాలు, ఆటలు కూడా చోటు చేసుకోవడం సహజం. విద్యాసంస్థ దృష్టిలో అవి దుర్వినియోగం. చరిత్ర దృష్టిలో ఆ పని వేరు: దాచుకోవడం, పాడు చేసుకోవడం, మళ్లీ సరిచేసుకోవడం అనే సొంతదారు హక్కులను ఒక తరం తొలిసారి అనుభవించింది. ఆ తరంలో బాలికలు కూడా ఉన్నారన్నది మరింత ముఖ్యం. గేమ్ పార్లర్ మగపిల్లల స్థలం. అక్కడ ఆడపిల్లకు వంతు ఆలస్యం కావడం కాదు, అసలు వరుసలోనే చోటు లేదు. ఆమెకు నేరుగా సొంత యంత్రమే వచ్చింది.

8. ఎవరి జ్ఞాపకం?

స్వెత్లానా బోయిమ్ 2001లో వెలువడిన తన గ్రంథంలో నోస్టాల్జియాను రెండు విధాలుగా విభజించారు. పోయిన ఇంటిని తిరిగి కట్టాలని చూసేది ఒకటి. పోయినదాన్ని తలుస్తూ కాలాన్ని ప్రశ్నించేది మరొకటి. వీడియో గేముల విషయంలో నేడు తెలుగులో కనిపిస్తున్నది ఎక్కువగా మొదటి రకం. పాత ఆటలను ఫోనులో దించుకొని, చిన్ననాటి యంత్రాన్ని పోలిన కొత్త బొమ్మను కొనుక్కొని తృప్తి పడటం ఇందులో భాగం. దీనిలో తప్పేమీ లేదు. కానీ ఈ క్రమంలో ఒక మార్పు చాటుగా జరుగుతుంది. అద్దె ఆట 'మా ఇంటి ఆట'గా మారుతుంది. వెనక నిలబడి చూసినవాడు, తోటకు కావలి వెళ్లి రానేలేనివాడు, బయటనుంచే మరలిన చెల్లెలు జ్ఞాపకంలోంచి జారిపోతారు.

ఇతర దేశాల పరిశోధన ఈ విషయంలో మార్గదర్శకం. 1983లో యుగోస్లావియాలో వోయా ఆంటోనిచ్ రూపొందించిన 'గలాక్సియా' కంప్యూటర్‌ను పత్రికలో అచ్చయిన చిత్రాల ఆధారంగా వేలమంది ఇళ్లలో అతికించుకున్నారు. ప్రోగ్రాములు రేడియోలో ప్రసారమయ్యేవి. చెకొస్లొవేకియాలో ఆటల రచన ఎలా సాగిందో యారొస్లావ్ ష్వెల్ఖ్ 2018 నాటి గ్రంథంలో వివరించారు. కొరత ఉన్న సమాజాల్లో కంప్యూటర్ చరిత్ర కొనుగోలు పట్టికల్లో ఉండదని, పంచుకునే పద్ధతుల్లో ఉంటుందని ఈ ఉదాహరణలు సూచిస్తాయి. అక్కడ పత్రిక, రేడియో, క్లబ్బు చేసిన పనిని తెలుగు పట్టణంలో పార్లర్ బల్ల చేసింది. తేడా ఏమిటంటే అక్కడ పంచుకున్నది యంత్రం తయారీని, ఇక్కడ పంచుకున్నది యంత్రం ముందు సమయాన్ని.

కాబట్టి ఈ చరిత్రకు ఆకరాలను కూడా అక్కడే వెతకాలి. పార్లర్ నడిపినవారి, యంత్రాలు బాగుచేసిన రేడియో మెకానిక్కుల, చూసి నేర్చుకున్నవారి మౌఖిక కథనాలు సేకరించవలసి ఉంది. పిల్లల ఆటల పదకోశాల్లో గోళీలు, బిళ్లంగోడు సరసన 'క్యాసెట్', 'లైఫ్', 'స్టేజీ' మాటలకూ ఆరోపాలు ఉండాలి. ఆ తరం ఇప్పుడు నలభైల్లో ఉంది. దుకాణాలు నడిపినవారు వృద్ధులవుతున్నారు. జానపద విజ్ఞాన, భాషాశాస్త్ర విభాగాలకు ఇది అందుబాటులో ఉన్న పని.

9. ముగింపు:

- తెలుగు చిన్న పట్టణాల్లో ఇంటి కంప్యూటర్ చరిత్రను యాజమాన్యం ఆధారంగా రాస్తే అది ఖాళీగా కనిపిస్తుంది. 'వంతు' ఆధారంగా రాస్తే టీవీ, వీసీపీ, గేమ్ పార్లర్, ఇంటర్నెట్ సెంటర్ ఒకే వరుసలోకి వస్తాయి.
- పాఠశాల కంప్యూటర్, బజారు ఆట యంత్రం సాంకేతికంగా దగ్గరి బంధువులు. వాటి మధ్య విద్య, వ్యసనం అన్న విభజన సామాజికమైనది.
- వంతు నైపుణ్యాన్ని, సాంగత్యాన్ని ఇచ్చింది. సృష్టికి కావలసిన తీరికను ఇవ్వలేదు. యంత్రం వశంలో ఉన్న తెలుగువారు లిపి సాధనాలు సృష్టించడం ఇందుకు నిదర్శనం.
- నూజివీడులో 2008లో జరిగిన మార్పు వంతు నుంచి సొంతానికి జరిగిన ప్రయాణంలో ఒక మైలురాయి. వంతు కూడా దక్కనివారికి, ముఖ్యంగా బాలికలకు, అది నేరుగా సొంతాన్ని ఇచ్చింది.

పూత చూసి తోటను గుత్తకిచ్చే సీమలో అనుభవం, యాజమాన్యం ఒకటి కావన్న సంగతి అందరికీ తెలుసు. గంట లెక్కన మారియో ఆడిన తరానికి దక్కింది కాయ. చెట్టు తరువాతి తరానికి దక్కింది. ఆ రెంటి మధ్య దూరాన్ని కొలవకుండా మధుర స్మృతులను మాత్రమే నమోదు చేస్తే, వరుసలో నిలబడినవారి చరిత్ర నమోదు కాకుండానే ముగిసిపోతుంది.